ఇతర మందులు

పోయినేడు మిరప కోతలు మొదలయ్యేనాటికి మా ఇంట్లో ఫోను మీద నా అంత పట్టున్న మనిషి లేదు. గొప్ప చెప్పుకుంటోందని మీరు అనుకున్నా పర్వాలేదు, గొప్పే చెబుతున్నాను. మా ఆయన ప్రేమ్‌చంద్‌కి ఫోనంటే పొద్దున్నే గుంటూరు యార్డులో మిర్చి ధర చూడటం, చూసి తిట్టుకోవడం. మా అత్తయ్య సుబ్బరావమ్మకి మోగితే ఎత్తడం, మాట అయ్యాక దిండు కింద పెట్టడం వరకే వచ్చు. నేను మాత్రం గుంటూరు హాస్పిటల్ వాళ్ళ పేషెంట్ పోర్టల్లో ఏ కాగితం ఎక్కడుందో వంటింట్లో పోపులడబ్బా అందుకున్నంత సులువుగా తీసి చూపించేదాన్ని.

అత్తయ్యకి అరవై నాలుగేళ్ళు. బీపీ, షుగరు పాతవే. మూడేళ్ళ కిందట కిడ్నీలు కూడా కొంత దెబ్బతిన్నాయని తేలింది. అప్పుడే డాక్టర్ అనిల్ కుమార్ గారు నా ఫోన్లో ఆ పోర్టల్ పెట్టించారు. "ప్రతిసారీ ఆవిణ్ణి బస్సెక్కించి ఇంత దూరం తీసుకురావడం ఎందుకమ్మా? రక్తం పర్చూరులోనే ఇవ్వండి, రిపోర్టు ఇందులో పడుతుంది. నేనూ చూస్తాను, మీరూ చూడండి. అనుమానం వస్తే మెసేజ్ పెట్టండి. బీపీ, బరువు, కాళ్ళ వాపు మాత్రం రోజూ ఇందులో ఉన్న ఫారంలో మీరే ఎక్కించాలి" అన్నారు.

ఎక్కించాను. మూడేళ్ళలో మా అమ్మ పోయినప్పుడు రెండు రోజులు తప్ప ఇంకెప్పుడూ మానలేదు. పొద్దున ఆరింటికి అత్తయ్య మంచం మీద లేచి కూర్చుని తనే చెయ్యి చాపేది. నేను పట్టీ చుట్టి మీట నొక్కితే, "ఎంత పలికింది ఇవాళ?" అని అడిగేది, బీపీ కూడా యార్డులో పలికే సరుకైనట్టు.

ఆ రోజువారీ ఫారం అడుగున ఒక ప్రశ్న ఉండేది. డాక్టర్ రాసినవి కాక ఇతర మందులేమైనా వాడుతున్నారా అని. పక్కనే రెండు గడులు, అవును అని ఒకటి, లేదు అని ఒకటి. నేను లేదు అని నొక్కేదాన్ని. మా ఇంట్లో నాటు మందు లేదు, పసరు లేదు, పక్కింటి వాళ్ళు చెప్పిన చిట్కాలు అంతకంటే లేవు. ఒకసారి డాక్టర్ గారు, "మీరు రాసే తీరు చూసి మా వాళ్ళు నేర్చుకోవాలమ్మా" అని మెసేజ్ పెట్టారు. దాన్ని మా ఆయనకి చూపించాను, హాస్టల్లో ఉన్న మా అమ్మాయి శ్రీరమ్యకి పంపించాను, రెండు రోజులాగి మళ్ళీ మా ఆయనకే చూపించాను.

జనవరి రెండో వారంలో కోటేశ్వరి ముఠా దిగింది. వాళ్ళది కనిగిరి అవతల పల్లె. ఏటా ఇరవై ఐదు, ముప్పై మంది ఆడవాళ్ళు వచ్చి మా చేని గట్టు మీద రేకుల షెడ్లలో మూడు నెలలుండి, మూడు కోతలూ కోసి పోతారు. కోటేశ్వరి వాళ్ళకి మేస్త్రి. నలభై దాటిన మనిషి. గొంతు విప్పితే నాలుగు చేల అవతల వాళ్ళు కూడా పని అందుకుంటారు.

మిరపకాయ కోత చూసేవాళ్ళకి తేలిక పనిలా ఉంటుంది. చెట్టు నడుము దాకా కూడా రాదు. పొద్దున ఏడింటికి వంగిన మనిషి సాయంత్రం ఐదున్నరకి గానీ సరిగా నిలబడదు. అందుకని మా వైపు రైతులు కోతల ముందు పట్టాలు, గోతాలు, టీ పొడితో పాటు మందుల షాపు నుంచి ఒళ్ళు నొప్పుల బిళ్ళలు కూడా ఒక పెట్టె తెచ్చి పెట్టుకుంటారు. సాయంత్రం తూకాలయ్యాక టీ గ్లాసుతో పాటు మనిషికో బిళ్ళ. బిళ్ళ పెట్టని రైతు చేలోకి ముఠా రాదు. పంచే పని ఆ ఇంటి ఆడమనిషిది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో అత్తయ్య పంచేది, ఆమెకి ఓపిక తగ్గాక ఆ పెట్టె నా చేతికొచ్చింది.

అత్తయ్య ఇంట్లో కూర్చునే రకం కాదు. కోతలు మొదలైతే చాలు, తలకి తువ్వాలు చుట్టి తనూ ఒక సాలు పట్టేది. కోటేశ్వరి వెనక నుంచి, "పెద్దమ్మా, నువ్వు పక్కకి తప్పుకుంటే మేం ముందుకి పోతాం" అని వేళాకోళం చేసేది. "నీ వయసులో నువ్వొక సాలు కోసేలోపు రెండు సాళ్ళు కోసిన చెయ్యే ఇది" అని అత్తయ్య చేతిలో కాయలు దాని మీదకి విసిరేది. సాయంత్రం వాళ్ళందరి మధ్యనే కూర్చుని టీ తాగేది.

ఫిబ్రవరిలో ఒక రోజు కల్లంలో కాయలు తిరగేస్తుంటే ఫోను టింగుమంది. రిపోర్టు పడింది. అందులో నేను మొదట చూసేది క్రియాటినిన్. కిడ్నీలు వడపోయని చెత్త రక్తంలో ఎంత మిగిలిందో చెప్పే అంకె అది. సంక్రాంతి ముందు ఒకటి పాయింట్ ఆరు ఉన్నది, రెండు పాయింట్ రెండు అయింది.

"ఏందే, మొహం అట్టా పెట్టావు?" అంది అత్తయ్య.

"మీ కిడ్నీ అంకె పెరిగింది అత్తయ్యా. రెండు పాయింట్ రెండు."

"పెరిగితే మంచిదేగా. మీ ఆయన చూసే ధరేమో దిగుతా ఉంది, ఇదన్నా పెరగనీ" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. అక్కడే గోతం మీద కూర్చుని డాక్టర్ గారికి మెసేజ్ పెట్టాను. ఆయన మధ్యాహ్నం వీడియోలో మాట్లాడారు. ఎండలో పని చేస్తున్నారా, నీళ్ళు సరిగా తాగుతున్నారా, వాంతులు, విరేచనాలు ఏమైనా అయ్యాయా అని అన్నీ అడిగారు. సొంతంగా కొని ఏమైనా మందులు వాడుతున్నారా అని కూడా అడిగారు. "ఒక్కటీ లేదు బాబూ, మా కోడలు నన్ను అట్టా వాడనిస్తదా?" అంది అత్తయ్య. నేను పక్కనుంచి తలూపాను. ఎండ తగ్గించమన్నారు.

ఆ రోజు నుంచి ఎండ మీద పడ్డాను. అత్తయ్యని సాలు పట్టనివ్వకుండా కల్లం పక్కన పందిరి కింద కూర్చోబెట్టి తాలుకాయలు ఏరే పని అప్పగించాను. గంటకో గ్లాసు నీళ్ళిచ్చి, తాగేదాకా పక్కనే నిలబడేదాన్ని. "నన్ను కూడా తడిపి ఆరబెట్టేట్టున్నావే" అని గొణుక్కుంటూ తాగేది. ఏరుడు పనికి కూడా నడుము పట్టేస్తుంది. సాయంత్రానికి మోకాళ్ళు రెండు చేతులతో పట్టుకుని లేచేది.

మార్చి రిపోర్టులో రెండు పాయింట్ తొమ్మిది వచ్చింది. ఈసారి డాక్టర్ గారు మెసేజ్‌తో సరిపెట్టకుండా తీసుకు రమ్మన్నారు. గుంటూరు వెళ్ళాం. ఆయన మాటలు దాచే మనిషి కాదు. "సుబ్బరావమ్మ గారూ, ఇదే లెక్కన పోతే ఏప్రిల్ ఆఖరుకి మీ ఎడమ చేతి నరం సిద్ధం చేసుకోవాలి. చిన్న ఆపరేషనే. డయాలసిస్ అవసరమైతే అప్పటికప్పుడు ఇబ్బంది పడకుండా" అన్నారు.

అత్తయ్య ఎడమ చెయ్యి కొంగు కిందకి లాక్కుంది.

"నాకొద్దు బాబూ" అంది. "మా ఆయన్ని రెండేళ్ళు తిప్పాను ఈ మిషను మీదకి. వారానికి మూడుసార్లు. తెల్లారుజామున బస్సెక్కడం, చీకటిపడ్డాక దిగడం. చివరికి మంచినీళ్ళు కూడా కొలిచి పోశాను ఆ మనిషికి. నేను ఆ మంచం ఎక్కను."

మామయ్య యలమందయ్య గారు పోయి ఆరేళ్ళు. ఆ రెండేళ్ళూ అత్తయ్య ఎలా బతికిందో చూసినదాన్ని కాబట్టి ఆమె మొండికేస్తోందని నేను అనుకోలేదు. ఎక్కనంటే ఎక్కదు. అంటే ఏమవుతుందో డాక్టర్ గారికీ తెలుసు, నాకూ తెలుసు, ఆమెకీ తెలుసు. మా చేతిలో ఉన్నది ఏప్రిల్ ఆఖరు దాకానే. బస్సులో ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నాకు చాలా భయమేసింది.

భయమేస్తే నేను చేతులు ముడుచుకుని కూర్చోలేను. ఫోను తీసి మూడేళ్ళ రిపోర్టులూ ఒక్కటొక్కటిగా తెరిచాను. పోర్టల్లో ఆ అంకెలన్నిటినీ కలిపి గీత గీసి చూపించే చోటు ఒకటుంది. అప్పటిదాకా నేను ఆర్నెల్లకి మించి వెనక్కి వెళ్ళలేదు. ఈసారి మొత్తం తెరిచాను. బస్సు చిలకలూరిపేట దాటేసరికి విషయం కళ్ళకి కట్టింది. ఆ గీత మూడేళ్ళూ జనవరిలో పైకి లేచింది, ఏప్రిల్ దాకా ఎక్కింది, మే నుంచి దిగింది. దిగిన ప్రతిసారీ ముందటేడు కంటే కాస్త పైనే ఆగింది. మిరప కోతలు ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిపోతాయో మా ఊళ్ళో ఎవర్ని అడగకుండానే ఆ గీత చూసి చెప్పొచ్చు.

దాన్ని ఫోటో తీసి డాక్టర్ గారికి పంపించాను. "ఎండే అయితే ఏప్రిల్ తర్వాత మే నెలలో ఇంకా పెరగాలి కదండీ? మేలో దిగుతోంది. కోతలతో పాటే పోతోంది" అని రాశాను. ఈ ప్రశ్న నాకు తట్టినందుకు ఇప్పటికీ నాకు గర్వంగానే ఉంటుంది.

జవాబు మర్నాడు వచ్చింది. "మంచి ప్రశ్న అమ్మా. ఒక పని చేయండి. ఒక రోజంతా ఆవిడ నోట్లోకి పోయే ప్రతిదీ టైముతో సహా రాయండి. ఏది మందో ఏది కాదో మీరు తేల్చకండి, నేను తేలుస్తాను."

ఆ చివరి వాక్యానికి నాకు కొంచెం చురుక్కుమంది. అయినా రాయడం మొదలుపెట్టాను. పొద్దున ఐదుంబావుకి గ్లాసు నీళ్ళు. ఆరింటికి బీపీ బిళ్ళ, చక్కెర లేని టీ. ఏడున్నరకి రెండిడ్లీలు, కారప్పొడి వద్దన్నా వేసుకుంది. పదింటికి మజ్జిగ. ఒంటిగంటకి అన్నం, బీరకాయ కూర, పలచటి చారు. మూడింటికి వక్కపలుకు. అత్తయ్య ఏది నోట్లో వేసుకున్నా ముందు నా వైపు చూసి, "రాసుకో" అనేది. మధ్యలో ఒక ఈగ వాలితే, "ఇది మింగలేదు, రాయమాక" అంది. కోటేశ్వరి ముఠా అంతా ఒకటే నవ్వు.

ఐదున్నరకి టీలు పోశాను. ఎడమ చేతిలో ఫోను, కుడి చేతిలో బిళ్ళల అట్ట. కోటేశ్వరికి ఒకటి, దాని పక్కనామెకి ఒకటి, అత్తయ్యకి ఒకటి. అత్తయ్య నోట్లో వేసుకుని టీతో మింగింది. నేను "సాయంత్రం ఐదూ నలభై, టీ" అని రాశాను. ఆ తర్వాత నా వేలు కదల్లేదు.

వరసలో ఇంకా ఇరవైమంది పైనే చేతులు చాపి ఉన్నారు. "ఏందక్కా, అయిపోయినయ్యా?" అంది చివర కూర్చున్న అమ్మాయి. అవలేదని చెప్పి మిగతా వాళ్ళకి కూడా పంచాను. పంచడం అయ్యాక అట్ట వెనక్కి తిప్పి, పేరు కనపడేట్టు ఫోటో తీసి పంపించాను.

"ఇది రోజూనా?" అని వెంటనే వచ్చింది.

"కోతలున్నన్నాళ్ళూ రోజూ అండి."

"ఎన్నేళ్ళ నుంచి?"

అత్తయ్యని అడిగాను. "పాతికేళ్ళ పైమాటే. ఎందుకు?" అంది. అదే రాశాను. రెండు నిమిషాల్లో డాక్టర్ గారు ఫోన్ చేశారు. ఆయన నన్ను కోప్పడలేదు. ఇలాంటి బిళ్ళలు బాగున్న కిడ్నీలకే రోజూ పడవని, దెబ్బతిన్న వాటికి అసలు తగలకూడదని, ఈ పూట నుంచే ఆపేయమని చెప్పారు. "ఇదొక్కటే కారణమని ఇప్పుడే అనను. ఆపి చూద్దాం" అన్నారు.

ఫోను పెట్టేశాక పోర్టల్లో మొట్టమొదటి చీటీ వెతికి తీశాను. మూడేళ్ళ కిందటిది. అడుగున ఇంగ్లీషులో రాసే ఉంది, ఫలానా రకం బిళ్ళలు వాడొద్దని, ఐదు పెద్దక్షరాల్లో, నొప్పి బిళ్ళలకి డాక్టర్లు వాడే పేరు. అప్పుడు చదివాను. అర్థం కాలేదు. డాక్టర్లు వాళ్ళలో వాళ్ళు రాసుకునేదేమోలే అని దాటేశాను. అడిగితే చెప్పేవారే. నాకు తెలియని మాట ఒకటుందని బయటపడటం ఇష్టం లేక అడగలేదు. రోజూ లేదు, లేదు అని నొక్కిన వేలితోనే రోజూ సాయంత్రం బిళ్ళ అట్టలోంచి పైకి తోసి ఆమె అరచేతిలో పెట్టాను. అబద్ధం చెప్పానా అంటే చెప్పలేదు. అది మందని నాకు తట్టలేదు. టీ ఇస్తాం, బిళ్ళ ఇస్తాం, అంతే. నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది, రెండూ నిజమే.

అత్తయ్యకి చెప్పాను. చాలాసేపు అర్థం చేసుకోలేదు. "అది మందేందే, అందరం వేసుకునేదేగా" అని రెండుసార్లు అంది. మూడోసారి అనబోయి ఆగిపోయింది.

మర్నాడు సాయంత్రం నేను ఉత్త టీయే తీసుకెళ్ళాను.

"బిళ్ళేది?" అంది కోటేశ్వరి.

"లేదు కోటేశ్వరీ. ఇక ఇవ్వను. దానివల్ల కిడ్నీలు పోతాయంట. అత్తయ్యకి అందుకే పెరిగిందేమో అంటున్నారు."

"పెద్దమ్మకి జబ్బుంది కాబట్టి పడలా. మాకేం జబ్బుల్లేవుగా?"

"ఉన్నాయో లేవో ఎవరు చూశారు?"

"నీతులు చెప్పబాక అక్కా" అంది కోటేశ్వరి, గ్లాసు కింద పెట్టేసి. "రేప్పొద్దున నడుము లేవకపోతే నువ్వొచ్చి కోస్తావా? కిడ్నీ ఎప్పుడో పోద్దేమో. నడుము ఇప్పుడే పోతా ఉంది. బిళ్ళ లేకపోతే చెప్పు, పక్క చేలో ఇస్తన్నారు, అక్కడికే పోతాం."

మా ఆయన నన్ను పక్కకి పిలిచి, "మూడో కోత చెట్టు మీదుంది, వాన కబురు వినపడతా ఉంది, ఇప్పుడా నీ డాక్టరీ? అమ్మకి మానిపించు, వాళ్ళ సంగతి మనకెందుకు?" అన్నాడు. ఆయన భయం ఆయనది. నేను నోరు తెరిచేలోపు అత్తయ్య పందిరి కింద నుంచి లేచి వచ్చింది. ఆ రోజుకి ఆమె కూడా బిళ్ళ లేకుండానే ఉంది. నడక చూస్తేనే తెలుస్తోంది.

"ఒరేయ్ ప్రేమ్, రేపటి నుంచి నాలుగింటికి తూకం వెయ్యి" అంది.

"అమ్మా, రోజుకి గంటన్నర పోతే కోత ఎన్నాళ్ళు సాగుద్దో తెలుసా?"

"సాగనీ. కూలి మాత్రం మొత్తం ఇయ్యి." ముఠా వైపు తిరిగింది. "కోటేశ్వరీ, మీకు పెద్ద కాగుల్లో వేణ్ణీళ్ళు నేను కాయిస్తా. నాలుగింటికి దిగి ఒళ్ళు కాపడం పెట్టుకోండి. ఆ బిళ్ళ లేకుండా నేను రేపు ఈ చేలోకి నడిచి వస్తా. అరవై నాలుగేళ్ళ దాన్ని నేను రాగలిగితే మీరూ రండి. రాలేకపోతే పక్క చేలోకి పొండి, నేనేం అనుకోను."

మర్నాడు ఆమె వచ్చింది. కర్ర పట్టుకుని, ఏడింటికి బదులు ఎనిమిదిన్నరకి, మధ్యలో రెండుచోట్ల కూర్చుని. కానీ వచ్చింది. ముఠాలో ఐదుగురు పక్క చేలోకి వెళ్ళిపోయారు, మిగతా వాళ్ళు ఉన్నారు. డాక్టర్ గారిని అడిగితే, మరీ తట్టుకోలేని రోజు వేసుకోవడానికి పారాసిటమాల్ చెప్పారు, అదీ రోజూ వద్దన్నారు. కోత పది రోజులు ఎక్కువ పట్టింది. ఒక వాన పడి కొంత కాయ చెట్టు మీదే చెడింది. మా ఆయన ఆ మాట ఇప్పటికీ ఎత్తుతాడు. ఎత్తనీ.

పదిహేను రోజులకి రక్తం ఇస్తే రెండు పాయింట్ నాలుగు వచ్చింది. ఏప్రిల్ ఇరవై రెండున ఒకటి పాయింట్ తొమ్మిది. ఆ రిపోర్టు నేను గట్టు మీద నిలబడి చూశాను. నమ్మకం కలగక పోర్టల్ మూసి, మళ్ళీ తెరిచి చూశాను. అదే అంకె. "అత్తయ్యా!" అని నేను పెట్టిన కేకకి కోటేశ్వరే ఉలిక్కిపడింది.

మంగళవారం గుంటూరు వెళ్ళాం. డాక్టర్ గారు అత్తయ్య ఎడమ చెయ్యి తీసుకుని, "దీన్ని ఇప్పుడు కదిలించే పని లేదు" అన్నారు. జరిగిన నష్టం పూర్తిగా పోదని, ఇన్నేళ్ళ మచ్చ కొంత ఉండిపోతుందని, ఇలాగే చూసుకుంటే మిషను మాట చాలా కాలం ఎత్తక్కర్లేదని చెప్పారు. అత్తయ్య ఆయనకి దణ్ణం పెట్టింది. నాకు గాల్లో నడుస్తున్నట్టుంది.

బయటికి వచ్చే దారిలో డయాలసిస్ వార్డు ఉంది. ఎప్పుడొచ్చినా అత్తయ్య ఆ తలుపు వైపు చూడకుండా గబగబా దాటేస్తుంది. ఆ రోజు ఆగింది. తలుపు సగం తెరిచి ఉంది. కిటికీ పక్క మంచం మీద ఎవరో నడివయసు మనిషి కళ్ళు మూసుకుని పడుకున్నాడు.

"జ్యోతీ" అంది. "మీ మావయ్యకి నేను రెండిచ్చేదాన్ని."

నాకు మొదట అర్థం కాలేదు.

"బస్తాలు మోసేవాడు కదా. ఒకటి చాలదని రెండేసి ఇచ్చేదాన్ని. కోతలున్నన్నాళ్ళూ. నా చేత్తో నేనే నోట్లో వేసేదాన్ని, ఆయన చేతులకి కారం ఉంటదని."

ఇన్నాళ్ళూ ఆమెకి ఎలా చెప్పాలా అని నేను దాచుకున్న మాట ఒకటుంది, మీకు బిళ్ళ ఇచ్చింది నా చెయ్యే కదా అత్తయ్యా అని. దాన్ని మింగేశాను. "మావయ్యకి షుగర్ కూడా ఉంది. దేనివల్ల పోయారో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు" అన్నాను. అది నిజమే. ఓదార్పు కోసం అన్న మాట కాదు.

"చెప్పలేరులే" అంది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ మంచం మీది మనిషిని ఇంకాసేపు చూసి తలుపు మెల్లగా దగ్గరికి వేసింది. తర్వాత నన్ను అడిగింది, "నీ ఫోన్లో ఉందే, అది కనిగిరిలో ఉన్నా కనపడుద్దా?"

"ఎక్కడున్నా కనపడుద్ది అత్తయ్యా. రక్తం అక్కడ ఇచ్చినా ఇక్కడ డాక్టర్ గారు చూస్తారు."

"ఆఖరి కోత ఎప్పటికైపోద్ది?"

"ఎల్లుండికి. శనివారం వాళ్ళు ఊరికి పోతున్నారు."

అత్తయ్య బస్టాండు వైపు నడవలేదు. కొత్త పేషెంట్లను రాసే కౌంటర్ దగ్గరికి నడిచింది. కర్ర లేకుండా. అక్కడ సిద్దికా అనే అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. అత్తయ్య వేళ్ళు మడుస్తూ మొదలుపెట్టింది. కోటేశ్వరి, నలభై మూడు, సాయంత్రమయ్యేసరికి పాదాలు వాస్తాయి. దాని చెల్లెలు, మొహం ఉబ్బి లేస్తుంది. వాళ్ళ పక్కింటి ముసలామె, పోయినేటి నుంచి అన్నం సయించడం లేదు. ఇవన్నీ ఎప్పుడు చూసిందో నాకు తెలియదు. ఆ వరసలో రోజూ టీ పంచిన నేను ఒక్కటీ చూడలేదు.

సిద్దికా టైపు చేయబోయి ఆగి, మా వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని తల పక్కకి వంచి చూసింది.

"పేషెంట్లు ఏరి మామ్మగారూ?"

"చేలో ఉన్నారు" అంది అత్తయ్య, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "తొమ్మిది మంది. రేపు నేనే తీసుకొస్తా. నువ్వు ముందు పేర్లు రాసుకో."